పాలవ్యాను ఇంజను

ఆటోనగర్ మూడో అడ్డరోడ్డులో
నాగుల్ మీరా షెడ్డు ముందు
మూడు ఇంజన్లు నేలమీద కూర్చున్నాయి,
కింద పాత టైర్లు, మీద గోనెపట్టాలు.
మే నెల. బెజవాడ ఎండకి
స్పానరు పట్టుకుంటే అరచెయ్యి అంటుకుంటోంది.

పక్కనే నా జీపు, బానెట్ లేకుండా.
అరవైరెండు మోడలు. షావుకారు వేలంలో కొన్నాడు,
మిర్చియార్డు చుట్టూ తిప్పాడు,
చివరికి ఏడాది జీతం బాకీ కింద నాకిచ్చాడు.
లీటరు పెట్రోలుకి ఆరు కిలోమీటర్లు.
అదీ పల్లమైతే.

పొద్దున గొలుసుకప్పీతో పాత ఇంజనుని పైకి లాగితే
చాసిస్ మడతల్లోంచి జలజలా రాలాయి
మిరపగింజలు.
ఎన్నేళ్ళ గుంటూరో!
షెడ్డంతా తుమ్మింది. వెల్డింగు కుర్రాడు,
టీ తెచ్చినావిడ, ఆఖరికి నాగుల్ మీరా కూడా.
కళ్ళు తుడుచుకుంటూ అన్నాడు:
"ఏడ్చి సాగనంపామనుకుంటుందిలే."

నా కళ్ళు మొదటిదాని మీదే.
స్కార్పియో లోంచి దింపింది. టర్బో. ఇంకా మెరుస్తోంది,
పాముల బుట్ట మూత తీసినట్టు చుట్టూ వైర్లు.
"లారీలని దాటాలి భాయ్," అన్నాను.
అతను బీడీ వెలిగించబోయి చెవి వెనక పెట్టుకున్నాడు.
"ఇంజనంటే పెళ్ళికొడుకనుకుంటున్నారు మీరు.
కాదు, ఇల్లరికపుటల్లుడు.
ఇల్లు జీపుది, గడప జీపుది,
వచ్చినోడే సర్దుకోవాలి.
దీనికి బుర్రుంది, ఆ పెట్టెలో.
బుర్రున్నోడు ఇల్లరికం ఉండడు."

రెండోది ట్రాక్టరుది. తెనాలి అవతల నల్లరేగడి దున్నింది.
మూడే సిలిండర్లు, ఆంబోతు బలం.
"బరువూ అంతే. ముందు కమాన్లు కూర్చుండిపోతాయి.
నలభై దాటించారా,
మీ పళ్ళు మీ ఒళ్ళోనే."

మూడోదాని గురించి కాసేపు ఎవరూ మాట్లాడలేదు.
గ్రీజు, దుమ్ము, ఒక పక్క తెల్లటి మరక.
"మటాడోరు. పాలవ్యాను. హనుమాన్ జంక్షన్ రూటు.
ఇరవైరెండేళ్ళు తెల్లారగట్ల మూడింటికి లేచింది.
ఒక్కరోజు పాలు విరగనియ్యలేదు."
గుర్రాలెన్ని, అన్నాను.
"వెనక ఇరుసునడగండి,
ఎన్నింటిని మొయ్యగలవని."

అడగలేదు గానీ వంగి చూశాను.
షావుకారు కొట్టించిన అతుకులు రెండు,
వాటి మీద నేను కొట్టించినది ఒకటి.
లేవబోతే మోకాలు పట్టేసింది,
టిక్కీలు మోసిన మోకాలు.
సరే, మూడోదే, అన్నాను కిందనుంచే.

ఏసుపాదం లేతు మీద నాలుగు రోజులు తిరిగింది మధ్యప్లేటు.
ఇటు గేరుబాక్సు బోల్టులు, అటు ఇంజను బోల్టులు,
వెంట్రుకవాసి తేడా వస్తే క్లచ్చుని నమిలేస్తుంది.
అతను మాట్లాడడు. కొలిచేటప్పుడు
పెదాలు మాత్రం కదులుతాయి,
ప్రార్థనో, అంకెలో.

పాత ఇంజను కిలో లెక్కన పోయింది.
కాటా దగ్గర నిలబడి నేనే చూశాను, తూకం నా వృత్తి.
ముల్లు ఆగకముందే
కార్బురేటరు విప్పి సంచిలో వేసుకున్నాను.
ఎందుకని ఎవరూ అడగలేదు.

శుక్రవారం నమాజు నుంచొచ్చి
తాళంచెవి చేతిలో పెట్టాడు నాగుల్ మీరా.
పెట్రోలు అలవాటుకి గభాల్న తిప్పబోయాను.
మణికట్టు పట్టుకున్నాడు.
"ఇది డీజిలు. లోపల హీటర్లు ఎర్రబడాలి.
పది లెక్కపెట్టండి, అప్పుడు."

ముప్పయ్యేళ్ళు యార్డులో బస్తాలు లెక్కపెట్టిన నోరు,
ఒకటి అనడం రాదు.
లాభం, అన్నాను.
రెండు.
వెల్డింగు కుర్రాడు నవ్వాపుకుంటున్నాడు.
మూడు. నాలుగు.
కాళ్ళ దగ్గర ఏ సందులోనో మిగిలిపోయిన గింజ
ముక్కులోకి ఎక్కుతోంది.
ఐదు. ఆరు.
ఏడు దగ్గర తుమ్మొచ్చింది.

బయల్దేరబోతూ తుమ్ము!
టీ ఆవిడ గ్లాసులు కింద పెట్టేసింది.
"కాసేపు కూర్చోండి," అన్నాడు నాగుల్ మీరా,
"మళ్ళీ మొదట్నించి."

కూర్చున్నాను.
లాభం.